మేలుకొలుపు కూలి

బర్న్‌లీ,
సెప్టెంబరు 20, 1931.

అక్కా,

ముందుగా నా చేతిరాతకూ తప్పులకూ ఏమీ అనుకోకు. పన్నెండో ఏట సగంపూట బడి, సగంపూట మిల్లు. ఆ మరుసటేడు బడి అసలే లేదు. కలం పట్టుకుంటే మగ్గం నాడె పట్టుకున్నట్టు వేళ్ళు బిగుసుకుపోతాయి. మాటలు ఎలా తోస్తే అలా రాసుకుపోతున్నాను. నువ్వే సర్దుకుని చదువుకో. మీ దొరసాని కంట మాత్రం పడనివ్వకు.

మిల్లు మూసేశారు. ఈ ఒక్క మాట రాయడానికి ఎన్నిసార్లు కాగితం తీశానో, ఎన్నిసార్లు మళ్ళీ లోపల పెట్టానో. మీ మరిది క్లెమ్ మగ్గాలూ నా మగ్గాలూ ఒకే రోజు ఆగాయి. అన్నేళ్ళ మోత ఒక్కసారి పోయేసరికి ఇంటికి వచ్చేదాకా నా చెవులు నావి కానట్టే ఉన్నాయి.

బతుకు కొద్దికొద్దిగా ముడుచుకుంటోంది. శనివారం సినిమా మానేశాం. వెన్న మానేసి మార్జరిన్ కొంటున్నాను. ఆదివారం మాంసం బదులు బోటి వండుతున్నాను, ఉల్లిపాయలు ఎక్కువ వేస్తే ఆయన మాట్లాడకుండా తింటాడు. వచ్చే ఏడు బ్లాక్‌పూల్ సముద్రతీరానికి వెళ్ళడానికి చీటీలో కట్టిన డబ్బు వెనక్కి తెచ్చుకున్నాం. అన్నీ మానుకున్నాను అక్కా, మానాల్సిన ఒక్కటి తప్ప. అందుకే ఈ ఉత్తరం.

తబితా అవ్వ నీకు గుర్తుందిగా, పొడుగాటి కర్ర చివర తీగెలు కట్టుకుని పొద్దున్నే మేడ కిటికీలు తట్టి మిల్లు పనివాళ్ళని వారం కూలికి లేపుతుంది. మిల్లు ఆగిన రోజునే క్లెమ్ అన్నాడు: "ఆ ముసలిదాన్ని ఇక రావద్దని చెప్పు. అయిదింటికి లేచి ఏం చెయ్యాలి, నీ మొహం చూస్తూ కూచోవాలా?" సరే అన్నాను. శుక్రవారం సాయంత్రం అవ్వ కూలికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వీధిలో సగం కిటికీలు మానేశాయే పిల్లా. నీ గుమ్మం ఎక్కేముందు రెండుసార్లు వెనక్కి తిరిగాను. నువ్వు మాత్రం అలా చెయ్యవులే" అంది.

పెన్నీలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేశాను.

"అయితే ఎక్కడో పని దొరికిందన్నమాట మీ ఆయనకి! ఎన్నింటికి రమ్మంటావు?"

"అయిదుకి" అన్నాను. ఆవిడ సుద్దముక్క తీసి మా తలుపు పక్క గోడ మీద పెద్దగా 5 వేసింది.

మర్నాటికల్లా వీధి అంతా అనేసుకుంది, క్లెమ్‌కి పాడిహామ్ మిల్లులో వారానికి మూడు రోజుల పని దొరికిందని. నేను చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. అంతకుముందు రోజు దాకా అప్పు లేదన్న కొట్టు ఆవిడ, పంచదార పొట్లం తానే కట్టి చేతిలో పెట్టింది. క్లెమ్ మొదట పగలబడి నవ్వాడు, తర్వాత నవ్వలేదు. ఇప్పుడు కిటికీ మీద చప్పుడు కాగానే లేచి, పనికి పోయేవాడిలాగే టోపీ పెట్టుకుని బయటికి పోతున్నాడు. తెల్లారేదాకా కాలవ గట్టున తిరుగుతాడట.

ఇంకొక్క మాట. పక్కింటి నాన్సీ అడగమంది. వాళ్ళాయన జోనస్, ఆ ఎడమకాలు పొట్టి ఆయన, ఆగస్టులో కోవెంట్రీ పోయాడు, కార్ల ఫ్యాక్టరీలో పని వెతుక్కోవడానికి. ఆవిడతో చెప్పకుండానే, సంచీ కూడా తీసుకోకుండా పోయాడు. దారిలో కలిసిన మా వీధి లాబన్‌తో కబురంపాడట. ఇంతవరకు ఉత్తరం లేదు. ఎడమ చెక్కజోడుకు అడుగుచెక్క మందంగా చేయించుకున్నాడుగా, ఆ ఎగుడుదిగుడు నడక చప్పుడు వినపడుతుందేమోనని నాన్సీ రోజూ తలుపు తెరిచి నిలబడుతోంది. నీకు అటువైపు ఎవరైనా తెలుసా?

నీ చెల్లి,
ఫీబీ

*

హారోగేట్,
అక్టోబరు 4.

ఫీబీ,

నీ అక్షరాలు బాగానే ఉన్నాయి. బాగాలేనిది నీ బుద్ధి. బడిలో టీచరమ్మ నిన్ను ఏడాదిపాటు ఫానీ అని పిలిస్తే, కాదని చెప్పలేక ఫానీగానే చదువుకున్నావు. ఆ ఫానీయే ఇప్పుడు ముసలమ్మకి కూలి ఇస్తోంది. ఎదుటివాళ్ళ మనసు నొప్పించకూడదని ఊరుకుంటాననుకుంటున్నావు. నువ్వు ఊరుకున్న చోటల్లా ఒక అబద్ధం లేచి నడుస్తోంది చూడు. వచ్చే శుక్రవారం తలుపు తీసి, "అవ్వా, ఇక వద్దు" అను. మూడు మాటలు. అద్దం ముందు నిలబడి అలవాటు చేసుకో.

ఇక్కడ కూడా పొదుపు మొదలైంది, దానికి వేరే పేర్లు పెడతారు. కారు అమ్మేశారు: డాక్టరు నడవమన్నాడట. పైగదుల్లో నిప్పు మానేశారు: వేడి ఒంటికి మంచిది కాదట. వంటావిణ్ణి పంపేశారు: ఆవిడ చెయ్యి బరువట. ముందుగదిలో పూలు మాత్రం రోజూ మారాలి, ఎందుకంటే అవి వీధికి కనిపిస్తాయి. వంట ఇప్పుడు నేనే చేస్తున్నాను. నిన్న దొరసాని చేప రుచి చూసి, "మార్తా, ఇది ఉడికిందా, మునిగిందా?" అంది. కడుపు నిండా ఉంది కాబట్టి హాస్యం పుడుతోంది ఆవిడకి.

కారు పోయాక డ్రైవరు పెర్సీ కూడా కోవెంట్రీకే పోయాడు. మంచివాడు, నా మాట కాదనడు. జోనస్ గురించి రాస్తాను. కుంటి మనిషిని కనుక్కోవడం ఎంతసేపు.

దీనితో పోస్టల్ ఆర్డరు పెట్టాను. మాంసం కొను. మరిదిని అడిగానని చెప్పు.

మార్తా

*

బర్న్‌లీ,
నవంబరు 12.

అక్కా,

నీ పోస్టల్ ఆర్డరు అందింది. ఇక పంపకు. కోపం తెచ్చుకోకుండా ఎందుకో విను.

నా నిరుద్యోగ భృతి తీసేశారు. పెళ్ళయిన ఆడది ఇక పనికి పోదని కొత్త నిబంధనట. ఎనిమిదేళ్ళు నాలుగు మగ్గాలు నడిపాను అని చెబుదామనుకున్నాను. భృతి ఆఫీసు కిటికీ అవతల కుర్రగుమాస్తా తలెత్తకుండానే నా వెనక మనిషిని పిలిచాడు. క్లెమ్ భృతికి ఇప్పుడు తాహతు విచారణ పెట్టారు, ఇంట్లో ఏముందో, ఎవరు డబ్బిస్తున్నారో చూసిగానీ ఇవ్వరట. ఆ విచారణ మనిషి మంగళవారం వచ్చాడు. మర్యాదస్థుడే, బూట్లు తుడుచుకునే లోపలికి వచ్చాడు. అల్మరా తలుపు తీశాడు, పరుపు కింద చూశాడు.

"ఇద్దరేగా ఉండేది. నాలుగు కుర్చీలెందుకమ్మా?"

"ఎవరైనా వస్తే..." అన్నాను.

"ఎవరొస్తారు? అక్కచెల్లెళ్ళు ఉన్నారా? డబ్బేమైనా పంపుతారా?"

లేదన్నాను. నీ ఉత్తరం నా ఏప్రన్ జేబులోనే ఉంది అక్కా, గరగరలాడుతోంది. నువ్వు పంపింది తెలిస్తే అంతమేరకు కోసేస్తారు. నువ్వు ఇక్కడికొచ్చి మాతో ఉందామనుకున్నా కూడా కుదరదు. నీ జీతం మా లెక్కలో వేస్తారు.

పోతూ పోతూ గడప చూసి మెచ్చుకున్నాడు. "చుట్టుపక్కల ఇంత తెల్లటి గడప లేదు" అన్నాడు. తర్వాత తలుపు పక్క గోడ వైపు చూశాడు. జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక ఇల్లు ఆయన కళ్ళతో చూసుకున్నాను. మీ దొరసాని పూల సంగతి రాశావే, నేనూ అదే చేస్తున్నాను. వీధికి కనపడనివన్నీ ముందు పోయాయి. దుప్పట్లు, నా లోపలి బట్టలు, గోడగడియారం, అల్మరాలో జాడీలు. కనపడేవి అలాగే ఉన్నాయి. లేసు తెరలు ఉతికి గంజి పెడుతున్నాను. పాతబట్టల వాడికి పేలికలిస్తే గడపకు రుద్దే తెల్లరాయి ఇస్తాడు. పేలికలు అయిపోయాయి, పోయినవారం మా దిండు గలేబు ఇచ్చాను. బయటినుంచి చూస్తే ఇది కళకళలాడే ఇల్లు. లోపలికి వస్తే మాట ప్రతిధ్వనిస్తుంది. అవ్వకి కూలి కూడా ఇస్తూనే ఉన్నాను. అద్దం ముందు అలవాటు చేసుకున్నాను, నిజం. ఆవిడ ముందు రాలేదు.

చలికి మాత్రం భయం లేదు. బొగ్గు దొరుకుతోంది. నాన్సీ గడప దగ్గర కూడా ఎవరో వారం వారం ఒక మూట బొగ్గు పెట్టి పోతున్నారు. ప్రార్థన మందిరం వాళ్ళేనని ఆవిడ ఆదివారం రెండుసార్లు మోకరిల్లుతోంది. జోనస్ కబురు ఏమైనా తెలిసిందా?

ఫీబీ

*

హారోగేట్,
నవంబరు 29.

చెల్లీ,

నీ ఉత్తరం రెండో పేజీ అంచున నల్లటి బొటనవేలి ముద్ర ఉంది. పెద్దది, మగవాడిది. రుద్దితే పోలేదు. నేతవాడి చేతికి పత్తినూగు అంటుతుంది గానీ మసి కాదు. పైగా బొగ్గు "దొరుకుతోంది" అని రాశావు, కొంటున్నాం అని రాయలేదు. నీ ఉత్తరాల్లో లేనిది చదవడం నాకు చిన్నప్పటినుంచి అలవాటే. మరిది పొద్దున్నే కాలవ గట్టునే తిరుగుతున్నాడా?

పెర్సీ జవాబు రాశాడు. బర్న్‌లీ వాళ్ళు దిగే బసలన్నీ తిరిగాడట, రెండు ఫ్యాక్టరీల గేట్ల దగ్గరా అడిగాడట. కుంటి నేతగాడు ఎవరూ రాలేదు, ఆగస్టులోనూ లేదు, తర్వాతా లేదు. నాన్సీకి మెల్లగా చెప్పు. వేరే ఊరు పోయి ఉంటాడని చెప్పు.

కోటు పంపుతున్నాను. దొరసాని పాతది, నాకు ఇచ్చేసింది, నాకు వదులు. డబ్బు కాదు కాబట్టి ఆ విచారణ మనిషి దాన్ని కొయ్యలేడు, కత్తెర తెచ్చుకుంటే తప్ప.

ఈసారి నిజం రాయి.

మార్తా

*

బర్న్‌లీ,
జనవరి 10, 1932.

అక్కా,

నిజం రాస్తున్నాను.

క్రిస్మస్ ముందు క్లెమ్‌ని భృతి కమిటీ పిలిచింది. బల్ల వెనక అయిదుగురు కూర్చున్నారట. పాడిహామ్‌లో ఎన్ని రోజులు పని చేస్తున్నావని అడిగారు. పనే లేదన్నాడు.

"మరి అయిదింటికి ఎవర్ని లేపుతున్నారయ్యా మీ ఇంట్లో? గోడ మీద రాసి ఉందిగా" అన్నాడొకడు.

"అది ఊరికే. మా ఆవిడ వద్దని చెప్పలేకపోయింది."

అందరూ నవ్వారట. "పని లేనివాడు లేపినందుకు కూలి ఇస్తాడా? ఇంకో కథ చెప్పు" అన్నారు. భృతి మొత్తం తీసేశారు. కొట్టు ఆవిణ్ణి అడిగితే ఆవిడ కూడా పాడిహామ్ పని సంగతే చెప్పిందట, మా మేలుకోరి. ఇంటికి వచ్చి క్లెమ్ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నువ్వు చూసిన వేలిముద్ర ఆయనదే. అక్టోబరు నుంచి లాబన్‌తో కొండ మీదికి పోతున్నాడు. లాబన్ గని మనిషి, వాళ్ళ గని మూసి రెండేళ్ళయింది. గడ్డి మధ్యలో ఒక పాత బొరియ ఉందట, తాతల నాడు బొగ్గు కోసం తవ్వి వదిలేసింది. బోర్లా పడుకుని పాకాలి. బొగ్గు గని యజమానిదే కాబట్టి పట్టుబడితే జైలు. అందుకని వెలుతురు రాకముందే దిగుతారు, మూటలు పొదల్లో దాస్తారు. వాటితోనే అద్దె కడుతున్నాం. తబితా అవ్వ చప్పుడు ఇప్పుడు ఉత్తుత్తిది కాదు. కూలి ఇచ్చేటప్పుడు నాకు సిగ్గు వెయ్యడం లేదు, భయం వేస్తోంది. తీగెలు గాజు మీద గీరగానే ఆయన లేచి కూర్చుంటాడు. కిటికీలో మొహం కనపడేదాకా అవ్వ కదలదు. నేను వెళ్ళి కనపడతాను.

లోపల పైకప్పు నిలపడానికి కర్ర కావాలట. మొన్న ఒక కుర్చీ కాళ్ళు కోసుకుపోయాడు. తర్వాత రెండోది. ఇప్పుడు మంచం పలకలు కూడా పోయాయి, పరుపు నేల మీద వేసుకున్నాం. "విచారణ మనిషి వస్తే ఇక నాలుగు కుర్చీలెందుకని అడగడులే" అని నవ్వుతాడు. దగ్గినప్పుడు ఉమ్మి నల్లగా పడుతుంది.

నువ్వు పంపిన కోటు దొరసానిది కాదు. ఎడమజేబు లోపల చిరుగు నీలం దారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు నువ్వే నాకు నేర్పావు. ఈ చలిలో నువ్వేం కప్పుకుంటున్నావు?

పెర్సీ చెప్పిన మాట నాన్సీకి చెప్పలేదు. రెండుసార్లు వాళ్ళ తలుపు దాకా పోయాను. రెండోసారి ఆవిడే ఎదురొచ్చి, "ఉత్తరమేమైనా వచ్చిందా ఫీబీ?" అంది. ఇంకా రాలేదన్నాను. ఆవిడ చంకలో పాప నా వేలు పట్టుకుంది.

ఫీబీ

*

హారోగేట్,
జనవరి 18.

ఫీబీ,

కోటు నాదే. నా సంగతి వదిలేయి. క్రిస్మస్ నుంచి నాకు జీతం లేదు, తిండీ గదీ మాత్రమే. వసంతంలో ఇల్లు మూసేసి దొరసాని హోటల్లో ఉంటుందట. నీ దగ్గర దాచినందుకు తిట్టుకో, తర్వాత విను.

రాత్రంతా ఒకటే ఆలోచన. జోనస్ కోవెంట్రీ పోతున్నానని ఎవరితో చెప్పాడు? నాన్సీతో కాదు. నీతో కాదు. లాబన్ ఒక్కడితో. పాలు తెచ్చుకోవడానికి పోయినా పెళ్ళానికి చెప్పి పోయే మనిషి, పిల్ల తల్లికి చెప్పకుండా లాబన్‌తో కబురంపి అంత దూరం పోతాడా? కాలు సరిగా లేనివాడు, సంచీ లేకుండా? మీ వీధిలో ఎవరూ ఈ మాట అడగలేదా?

మరిదిని ఆ బొరియలోకి పోనివ్వకు. కాళ్ళు పట్టుకుని ఆపు. కేకలు పెట్టు. కేకలు పెట్టడం నీకు రాదని నాకు తెలుసు, అయినా ఈ ఒక్కసారి పెట్టు. అద్దె పోతే పోనీ, ఇల్లు పోతే పోనీ.

వెంటనే రాయి.

మార్తా

*

బర్న్‌లీ,
ఫిబ్రవరి 7.

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైంది. ముందు రోజే పైకప్పు జారి క్లెమ్ కాలి మీద పడింది. లాబన్ ఆయన్ని తోపుడుబండిలో పడుకోబెట్టి పైన గోనెసంచులు కప్పి తెచ్చాడు. దారిలో పాలవాడు ఎదురైతే, "బంగాళాదుంపలు" అన్నాడట. ఆ బంగాళాదుంపల మూట పెదవి కొరుక్కుని చప్పుడు చెయ్యకుండా పడుకుంది.

డాక్టర్ని పిలవలేదు. ఎక్కడ విరిగిందని అడుగుతాడు. ఎముకలు కట్టే ముసలాయన వచ్చి లాగి కట్టాడు, ఒక మూట బొగ్గు పట్టుకుపోయాడు. మూడు రోజులు పోయాక జ్వరం వచ్చింది. మోకాలి కింద వాపు ఎర్రగా ఉంది, తాకితే నిప్పు. మళ్ళీ వస్తే ఇంకో మూట కావాలన్నాడు. బొగ్గు అయిపోయింది.

ఇక్కడినుంచి నువ్వు కూర్చుని చదువు.

లాబన్ అన్నాడు: "పడిపోయిన చోటికి అవతల మంచి బొగ్గుంది. నా భుజాలు పట్టవు. సన్నటి మనిషైతే దూరచ్చు." నా వైపు చూడకుండా అన్నాడు. మర్నాడు కిటికీ మీద చప్పుడు కాగానే క్లెమ్ టోపీ, కోటు, చెక్కజోళ్ళు నేను వేసుకున్నాను. జోళ్ళలో గుడ్డలు కుక్కాను. ఆయన జ్వరంలో నిద్రపోతున్నాడు. కిటికీలో మొహం చూపించి దిగి వచ్చాను. తబితా అవ్వ దీపం ఎత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎవరు లేచినా నాకు ఒకటే. తలుపు గడియ పెట్టి వచ్చావా?" అంది. అంతే, పక్క వీధికి పోయింది.

అక్కా, ఆ లోపల చేతులు ముందుకు చాచి పాముతూ పోవాలి. కొవ్వొత్తి వెలుతురులో మొదట కనపడింది మన కుర్చీ కాళ్ళు. అమ్మ ఇచ్చిన కుర్చీలవి, చెక్కిన గుండ్రాలతో సహా వరసగా నిలబడి రాయిని మోస్తున్నాయి. వాటిని దాటి, క్లెమ్ మీద పడిన చోటు దాటి, సందులోంచి దూరాను. అవతల ఇంకో పాత రాళ్ళకుప్ప ఉంది, ఎప్పుడో పడినది. ఒక మూట నింపి తాడు కడితే లాబన్ బయటికి లాక్కున్నాడు, ఇంకా బొగ్గు తియ్యబోతే చేతికి చెక్క తగిలింది. ఇదీ మన కుర్చీదే అనుకుని లాగాను. రాలేదు. దాని మీద కొవ్వొత్తి పట్టాను. చెక్కజోడు. ఎడమకాలిది. అడుగుచెక్క మందంగా ఉంది.

అది ఖాళీగా లేదు.

ఎలా వెనక్కి పాకానో తెలియదు. బయట లాబన్ గడ్డి మీద కూర్చుని నన్ను చూసి లేచాడు.

"చూశావా?" అన్నాడు.

తల ఊపాను.

"ఆగస్టులో. నేను బయట మూట కడుతున్నాను. ఒక్క చప్పుడు, అంతే. మధ్యాహ్నం దాకా పిలిచాను ఫీబీ. గోళ్ళు ఊడేదాకా తవ్వాను." చేతులు చూపించాడు. రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. "ఎవరితో చెప్పను? చెబితే పోలీసులు వస్తారు, బొరియ పూడుస్తారు, నేను జైలుకి పోతాను. ఆ పిల్లకి పాలెవరు పోస్తారు? నాన్సీ గడప దగ్గర వారం వారం మూట పెట్టేది మందిరం వాళ్ళనుకున్నావా?"

"క్లెమ్‌కి తెలుసా?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"తెలీదు. తెలిస్తే దిగేవాడు కాదు. నువ్వు రేపు వస్తావా?"

నీ మాట గుర్తొచ్చింది, కేక పెట్టమన్నావే. కొండ మీద ఎవరూ లేరు, కావలసినంత గాలి ఉంది. నోరు తెరిచాను. మూట ఎత్తి భుజాన పెట్టుకున్నాను.

ఆ మూటతోనే ఎముకల ముసలాయన మళ్ళీ వచ్చాడు, చీము తీశాడు. వాపు కాస్త తగ్గింది. కాలు దక్కాలంటే ఇంకా నాలుగైదు సార్లు రావాలన్నాడు. ఆ తర్వాత మళ్ళీ పోయాను, నిన్న కూడా పోయాను. ఆ చెక్కజోడు వైపు తల తిప్పకుండా తవ్వుతున్నాను. రెండోసారి పోయినప్పుడు నా ఏప్రన్ చించి దాని మీద కప్పాను. లాబన్ ఇంకో రెండు కర్రలు కావాలంటున్నాడు. ఇంట్లో ఇక తలుపులే ఉన్నాయి.

ఇవాళ ఆదివారం, చప్పుడు లేని రోజు. మందిరం నుంచి వస్తూ నాన్సీ మా ఇంట్లోకి వచ్చింది. కూర్చోమనడానికి కుర్చీ లేదు, మెట్టు మీద కూర్చుంది. "జోనస్‌కి నా తరఫున ఒక ఉత్తరం రాసి పెట్టు. మీ అక్క ఎరిగినాయన ఉన్నాడుగా అక్కడ, ఆయనకి పంపితే ఎలాగైనా అందిస్తాడు" అంది. ఆవిడకి చదువు అసలు లేదు, నాదే పెద్ద చదువనుకుంటుంది. కాగితం కూడా తెచ్చుకుంది, చక్కెర పొట్లం విప్పి సాపు చేసి.

ఆవిడ చెప్పింది, నేను రాశాను. గోళ్ళలో మసి ఉంది కదా, చెయ్యి వెనక్కి దాచుకుందామంటే రాసేది ఆ చేత్తోనే. ఆవిడ చూసి, "పొయ్యి తుడిచావా?" అంది. అవునన్నాను. ఇలా రాయించింది: పాప నడుస్తోంది. నీ పైపు అమ్మలేదు, అలాగే ఉంది. ఇంట్లో నిప్పు ఉంది, ఎవరో పుణ్యాత్ములు బొగ్గు ఇస్తున్నారు, మంచి బొగ్గు, రాత్రంతా మండుతుంది, మాకు చలి లేదు, నువ్వు దిగులుపడకు.

చివర తన గుర్తుగా ఒక గీత గీసింది. గీసి, "నా పేరు చదివితే నవ్వుతాడు" అంది.

ఆ ఉత్తరం దీనితో పెట్టాను. పెర్సీకి పంపకు.

నాకు తెలుసు అక్కా, నువ్వు ఏమంటావో. ఇప్పుడే లేచి పక్క తలుపు తట్టు, మూడు మాటలు చెప్పు అంటావు. గోడ అవతల నాన్సీ పొయ్యి కదుపుతున్న చప్పుడు వినపడుతోంది. ఇటు క్లెమ్ మూలుగుతున్నాడు. ఆ మూడు మాటలు చెబితే ఆ పొయ్యీ ఆరిపోతుంది, ఈ కాలూ పోతుంది. చెప్పకపోతే రేపు అయిదింటికి కిటికీ మీద చప్పుడవుతుంది, అది నాకోసం. కూలి మొన్న శుక్రవారమే ఇచ్చేశాను. వచ్చే ఆదివారానికి నా ఉత్తరం రాకపోతే ఇక్కడికి ఎవరికీ రాయకు, నువ్వే వచ్చెయ్యి. వచ్చి ముందు క్లెమ్‌ని చూడు, తర్వాత నాన్సీ తలుపు తట్టు. నీకు మాటలు వస్తాయి.

మీ పైగదుల్లో నిప్పు లేదన్నావుగా. ఈ ఉత్తరాలు వంటింటి పొయ్యిలో వెయ్యి. నాదీ ఆవిడదీ రెండూ కలిపి, బూడిద కూడా కలిపెయ్యి. ఒక్క ముక్క మిగలనివ్వకు అక్కా, కాల్చెయ్యి.

ఫీబీ